అడ్డపొగకు పెట్టిన పేరు

ఆత్రేయపురంలో పూతరేకు తీయడం చూడాలంటే పొయ్యి దగ్గర చతికిలబడి కూర్చోవాలి. నిలబడి చూస్తే ఏమీ కనపడదు. పొయ్యి మీద కుండ బోర్లించి ఉంటుంది. దాని కింద ఎండు కొబ్బరాకుల మంట. పక్కన గిన్నెలో నీళ్లలా పలచబడ్డ బియ్యప్పిండి. పొయ్యి ముందు కూర్చున్నావిడ పలచటి గుడ్డని అందులో ముంచి, రెండు చేతులా పట్టుకుని, కుండ వీపు మీదుగా ఒక్క లాగు లాగుతుంది. గుడ్డ అటు దాటేలోపు ఇటు రేకు తయారు. చిటికెలో ఊడదీసి పక్కన పెడుతుంది. ఆ చిటికె దాటితే రేకు కాదు, మాడు. ఈ రేకుకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ చేతులకి గుర్తింపు రావడమంటే ఇంకా చాలా ఉంది, అది వేరే గొడవ.

పూతరేకుని నమలక్కర్లేదు. నోట్లో వేసుకుని నాలుకతో పైకి ఒత్తితే అంగిట్లో అంటుకుంటుంది, ఉన్నచోటే కరుగుతుంది. నెయ్యి ముందు దిగుతుంది, పంచదార తరవాత, రేకు చివర. నోటిలో అంగిలి అనేదొకటి ఉందని మనకి గుర్తొచ్చేది అలాంటప్పుడే. లేదంటే కాఫీ నోరు కాల్చినప్పుడు. నాలుక కొసతో ఒకసారి తడిమి చూసుకోండి. ముందు గరుకుగా గీతలు, వెనక్కి వెళ్లే కొద్దీ నున్నటి గుంట. అది కూడా బోర్లించిన కుండే.

ఆ కుండ కింద మంట పెట్టుకున్న వాళ్లున్నారు. ఎక్కడో కాదు, మన కోస్తాలోనే. ఆ మంట వల్ల వచ్చిన జబ్బుకి వైద్యులు పెట్టిన పేరు చుట్ట క్యాన్సర్. ఇంగ్లీషు వైద్య పత్రికల్లో కూడా అదే మాట, చుట్టని చుట్టగానే ఉంచి. క్యాన్సర్ అనగానే గోదావరి జిల్లాల వాళ్లం భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకుంటాం, తలుచుకోవాలి కూడా. కానీ అది మందు కథ. నేను చెప్పబోయేది పేరు కథ.

లొల్ల లాకుల దిగువన కాలవ గట్టు మీద బట్టలుతికే రేవొకటి ఉండేది. నేను ఎనిమిదో తొమ్మిదో చదివే రోజులు. అక్కడ ఒక మామ్మ ఉండేది. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, బట్టని తల మీదుగా తిప్పి బండకేసి కొట్టేది. కొట్టిన ప్రతిసారీ ముక్కులోంచి ఒక శబ్దం. నోరు మాత్రం తెరిచేది కాదు. పెదాల మధ్య బొటనవేలంత పొడుగున ఏదో గోధుమరంగు ముక్క ఉండేది, దాని కొసన నిప్పు ఉండేది కాదు. ఆరిపోయిన చుట్ట నములుతోంది అనుకునేవాణ్ణి. ఒకరోజు ఆవిడ గట్టెక్కి కూర్చుని ఆ ముక్కని నోట్లోంచి తీసింది. లోపలి కొసన ఎర్రటి నిప్పు! తుప్పున బూడిద ఉమ్మింది. నాకు గుండె ఆగినంత పనైంది.

"మామ్మా, నోరు కాలదా?"

"నీకు కాలుద్దేమో గానీ నాకెందుక్కాలుద్ది అబ్బాయ్! నిప్పు లోపలుంటే గాలేం చేత్తాది? నుసి బట్టల మీద పడితే ఆళ్లూరుకుంటారేటి?"

"ఎవరు నేర్పారు?"

"ఒకళ్లు నేర్పాలేటి? మాయమ్మ తాగేది. ఆవిడికి ఎలిగించి ఇచ్చేది నేనే. రెండు దమ్ములు లాగి, బాగా అంటుకున్నాక ఇచ్చేదాన్ని. అలా లాగీ లాగీ..." అని నవ్వింది. మిగిలిన నాలుగు పళ్లూ తుమ్మబంక రంగులో ఉన్నాయి.

ఆ తాగుడికి పేరు అడ్డపొగ. మా వైపు అరుదే. తుని దాటి ఉత్తరానికి వెళ్లే కొద్దీ, విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో ఎక్కువ. తాగేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. రేవులో బట్టలుతికే వాళ్లు నుసి పడకూడదని అంటారు. సముద్రం ఒడ్డున చేపల గంపలు మోసేవాళ్లు గాలికి ఆరకూడదని అంటారు. రెండు చేతులకీ పని ఉన్న మనిషి చుట్టని మాటిమాటికీ తీసి పట్టుకోలేదు, అదీ కారణమే. పన్నునొప్పికి మొదలెట్టానన్నవాళ్లూ ఉన్నారు. వీటన్నిటికన్నా నాకు నిజం అనిపించేది మామ్మ చెప్పిందే: అమ్మకి వెలిగించి ఇవ్వడం.

పొగ ఎలా వస్తుందో ఆలోచిస్తే ఆశ్చర్యంగానే ఉంటుంది. ముందు మామూలుగా వెలిగిస్తారు. నిప్పు బాగా రాజుకున్నాక తిప్పి, నిప్పు కొసని నాలుకకీ అంగిలికీ మధ్యన నిలబెట్టి పెదాలు బిగిస్తారు. నిప్పు దేనికీ తగలదు. గాలి బయటి కొస నించి చుట్ట పొడుగునా నడిచి లోపలి నిప్పుకి అందుతుంది. పొగ నోట్లోనే పుడుతుంది. ఊపిరి వదిలితే మళ్లీ ఆ చుట్ట గొట్టంలోంచే బయటికి పోతుంది. ఉమ్మికి ఆకు తడిసి నెమ్మదిగా కాలుతుంది కాబట్టి ఒక చుట్ట చాలాసేపు వస్తుంది. రోజుకి ఒకటీ రెండూ చాలు. పొదుపే! బూడిద కొంత ఉమ్ముతారు, కొంత మింగుతారు.

చుట్ట గురించి ఒక మాట చెప్పుకోకుండా ముందుకి పోవడం కుదరదు, గోదావరి వాణ్ణి కదా. పొగాకు పోర్చుగీసుల ఓడల్లో మన దేశానికి వచ్చింది. వచ్చి మా లంకల్లో స్థిరపడింది. వరద తీసి ఒండ్రు మిగిలాక ఆ మట్టిలో నాటితే పెరిగే ఆకుకి ఒక ఘాటు ఉంటుంది, అది మెట్ట చేలో రాదు. లంక పొగాకు అన్న మాటకి ఆ రోజుల్లో బజార్లో ఒక విలువ. ఆ ఆకు చుట్టలు ఇంగ్లండు దాకా వెళ్లాయి. షెర్లాక్ హోమ్స్ నవల 'ది సైన్ ఆఫ్ ఫోర్'లో, 1890 నాటిది, బూడిదని బట్టి పొగాకు రకం పోల్చగలనని గొప్పలు పోతూ హోమ్స్ చెప్పే పేర్లలో ఇండియా 'లంకా' ఒకటి. అది మా లంకే. ఇంగ్లీషు 'చెరూట్' తమిళ 'సురుట్టు' నించి వెళ్లింది, మన 'చుట్ట' చుట్టడం నించి వచ్చింది. గురజాడ గిరీశం నోట్లో చుట్ట లేకపోతే సగం గిరీశమే. రాజమండ్రిలో 1947లో కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ పెట్టారంటే ఈ నేల మీద ఆ ఆకుకి ఎంత పట్టో తెలుస్తుంది. ఇంత చరిత్ర ఉన్న చుట్టకి చివరికి ప్రపంచ వైద్యంలో దొరికిన చోటు మాత్రం ఒక జబ్బు పేరు ముందు.

ఇక వైద్యుల సంగతి. విశాఖపట్నంలో వైద్య కళాశాల 1923లో మొదలైంది. కింగ్ జార్జి ఆస్పత్రి కూడా ఆ ఏడాదే. చుట్టుపక్కల జిల్లాల రోగులందరికీ అదే పెద్దాసుపత్రి. నోటి క్యాన్సర్ కేసులు వస్తూండేవి, అది వింత కాదు. మన దేశంలో ఆకూ వక్కా పొగాకూ దవడన పెట్టుకునే అలవాటు అంతటా ఉంది, అలాంటి వాళ్లకి బుగ్గ లోపల, చిగురు పక్కన పుండు లేస్తుంది. పాశ్చాత్య దేశాల్లో పెదవి, నాలుక. ఎక్కడైనా గట్టి అంగిలి మీద, అంటే నోటి పైకప్పు ముందు భాగం మీద క్యాన్సర్ రావడం మాత్రం చాలా అరుదు. విశాఖలో అది అరుదుగా లేదు. పైగా వచ్చేవాళ్లలో ఎక్కువమంది నడివయసు దాటిన పల్లెటూరి ఆడవాళ్లు.

ఇక్కడే నాకు ఆ వైద్యుల మీద గౌరవం. నోరు తెరిపించి పుండు చూసి, కోసి, రాసి పంపేయడం ఏ డాక్టరైనా చేస్తాడు. "నువ్వు చుట్ట ఎలా తాగుతావమ్మా, ఒకసారి తాగి చూపించు" అనడం వేరు. అలా అడిగి ఉండకపోతే, ఆ అవ్వలు చూపించి ఉండకపోతే, 'చుట్ట తాగుతుంది' అన్న రెండు మాటలతోనే కేసు కాగితం మూసేసేవారు. 1937లో ఎం.జి. కిని, కె.వి. సుబ్బారావు 'ఇండియన్ మెడికల్ గెజెట్'లో రాసిన వ్యాసంలో ఈ అంగిలి క్యాన్సర్‌కీ, నిప్పు లోపల పెట్టి చుట్ట కాల్చడానికీ ఉన్న లంకె మొదటిసారి అచ్చులోకి వచ్చింది.

దానికి పేరూ ఊరూ తెచ్చింది బొంబాయి. టాటా మెమోరియల్ ఆస్పత్రి 1941లో తెరిచారు. అక్కడి పాథాలజిస్టు వసంత్ రామ్‌జీ ఖానోల్కర్‌కి ఒక ప్రశ్న పట్టుకుంది: ఒకే దేశంలో ఒక్కో ప్రాంతం వాళ్లకి ఒక్కో చోట ఈ జబ్బు ఎందుకు వస్తోంది? జవాబు ఒంట్లో లేదు, అలవాట్లో ఉంది అని ఆయన పట్టుకున్నాడు. సూర్యాబాయితో కలిసి 1945లో అమెరికా పత్రిక 'ఆర్కైవ్స్ ఆఫ్ పాథాలజీ'లో రాసిన వ్యాసం శీర్షికలోనే వాడుకలకీ క్యాన్సర్‌కీ సంబంధం అన్న మాట ఉంది, ఇండియాలో మూడు కొత్త రకాలు అన్న మాట ఉంది. నడుముకి బిగించి కట్టిన పంచె ఒరుసుకున్న చోట వచ్చేదొకటి. పొగాకూ సున్నమూ నలిపి కింది పెదవి లోపల పెట్టుకునే ఖైనీ వాళ్లకి ఆ గాడిలోనే వచ్చేది మరొకటి. మూడోది మన చుట్టది. పంచె, ఖైనీ, చుట్ట. మూడూ కూలీనాలీ జనం వస్తువులే చూడండి. ఆ తరవాత చుట్ట క్యాన్సర్ అన్న జంట పదం వైద్యుల రాతల్లో నిలిచిపోయింది.

జంట పదం అన్నాను కదా, రెండో సగం సంగతీ చూడాలి. క్యాన్సర్ అంటే లాటిన్‌లో పీత. మా వైపు ఎండ్రకాయ అంటాం, వరిచేలో ఉండేదాన్ని. లాటిన్ వాళ్లకి ఆ పేరు గ్రీకుల నించి వచ్చింది. హిప్పొక్రటీస్ పేరు మీద ఉన్న గ్రంథాల్లో మానని పుండునీ గట్టి గడ్డనీ 'కార్కినోస్', 'కార్కినోమా' అన్నారు. కార్కినోస్ అంటే పీతే. క్రీస్తు శకం ఒకటో శతాబ్దంలో రోమ్‌లో సెల్సస్ వైద్యాన్ని లాటిన్‌లో రాస్తూ ఆ పీతని తన భాష పీతగా మార్చాడు. రెండో శతాబ్దంలో గాలెన్ ఇంకొంచెం వివరంగా చెప్పాడు: రొమ్ములో గడ్డ చుట్టూ ఉబ్బిన నరాలు అన్ని వైపులకీ పోతుంటే పీత కాళ్లలా ఉంటాయని. ఏడో శతాబ్దపు వైద్యుడు పాల్ మాత్రం, పట్టుకుంటే వదలదు కనక పీత అన్నారని కొందరంటారని రాశాడు. గ్రీకులే గడ్డకి వాడిన ఇంకో మాట 'ఓంకోస్', అంటే బరువు. ఆస్పత్రి గోడ మీద ఆంకాలజీ అని రాసి ఉండేది ఆ బరువు శాస్త్రమే. మోసేవాళ్లకి ఆ అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు.

కార్కినోస్, క్యాన్సర్, కర్కటం: మూడింటినీ భాషాశాస్త్రజ్ఞులు ఒకే కుదురు మాటలుగా చూస్తారు. కర్కాటక రాశికి ఇంగ్లీషులోనూ క్యాన్సర్ అనే ఉండటం అందుకే. కర్కశం అన్న మాటలోని గరుకుతనం కూడా ఆ ఇంటి చుట్టమే. అంటే మనం పరాయి మాట అనుకుంటూ పలికేది మన పంచాంగంలో ఎప్పట్నించో ఉంది. అదే డెల్టా రైతు పేరు పెట్టి ఉంటే పీత కాళ్లని చూసి పెట్టేవాడు కాదని నా నమ్మకం. వాడు ఎండ్రకాయ బొరియని చూసి పెట్టేవాడు. గట్టు పైకి బాగానే ఉంటుంది. లోపల్లోపల నీరు జారుతూ ఉంటుంది. తెల్లారి చూస్తే పై మడి ఎండి, కింది మడి మునిగి ఉంటుంది.

మన వాళ్లు పెట్టిన పేర్లు వేరే. రాచపుండు. రాచ అంటే పెద్ద, ఎదురు చెప్పలేని. రాచబాట, రాచరికం, రాచపుండు. చక్కెర జబ్బు వాళ్లకి వీపున లేచే పెద్ద కురుపునీ అదే మాటతో అన్నారు, మానని పుండునీ అన్నారు. రెండూ మనిషిని దించేవే. ఇంకోటి పుట్టకురుపు. చెదపుట్టలా కుదురు కట్టి, పైకి లేచి, లోపల గదులు గదులుగా ఉండేదని. పల్లెటూళ్లో ఈ పేర్లు గట్టిగా అనేవారు కాదు. "అదే, ఆ జబ్బు" అనేవారు.

ఆత్రేయపురం పేరు చెప్పుకున్నాం కనక ఆత్రేయుణ్ణి వదిలేయలేను. చరక సంహితలో పాఠమంతా ఆత్రేయ పునర్వసు శిష్యులకి చెప్పినట్టుగా ఉంటుంది. మా ఊరి పేరుకీ ఆయనకీ లంకె కడదామని సరదా పడేవాళ్లున్నారు, నేను కట్టను. అయినా అంగిలి కోసం చూడాల్సింది చరకుణ్ణి కాదు, శస్త్రం పట్టిన సుశ్రుతుణ్ణి. గుండ్రంగా, కదలకుండా, పెద్దగా, నెమ్మదిగా పెరిగి, చీము పట్టని గడ్డని ఆయన అర్బుదం అన్నాడు. నోటి రోగాల్లో తాలువుకి, అంటే అంగిలికి, తొమ్మిది రోగాలు విడిగా లెక్కపెట్టాడు. అందులో అంగిలి నడుమ తామరపువ్వులా లేచేది అర్బుదం. తాబేటి వీపులా ఉబ్బి, నొప్పి లేకుండా, తాపీగా పెరిగేది కచ్ఛపం. గ్రీకులకి పీత కనిపిస్తే మనవాడికి నోట్లో తాబేలు కనిపించింది! నెమ్మదిగా వస్తుంది, నొప్పి ఉండదు అన్న ఆ రెండు ముక్కలూ ఇవాళ్టి డాక్టరు కూడా చెప్పేవే. నొప్పి లేదు కదా అని ఊరుకోబట్టే కదా ఆలస్యమయ్యేది.

పీత, తాబేలు, పుట్ట, రాజు. ఇవన్నీ చూసి పెట్టిన పేర్లు. ఎలా ఉందో చెప్తాయి, ఎందుకొచ్చిందో చెప్పవు. రెండు వేల ఏళ్ల పాటు ఎవరికీ ఎందుకొచ్చిందో తెలియదు కాబట్టి అలా పెట్టడం సబబే. చుట్ట క్యాన్సర్ ఆ దారి పేరు కాదు. అది నేరుగా నేరస్తుణ్ణి చూపిస్తుంది. అలాంటి పేర్లకి మూలపురుషులు లండన్ పొగగొట్టాలు తుడిచే కుర్రాళ్లు. మసి నిండిన గొట్టాల్లో ఒళ్లు దోక్కుంటూ పాకే ఆ పిల్లలకి పెద్దయ్యాక వృషణాల తిత్తి మీద పుండు లేచేది. వాళ్లలో వాళ్లు దాన్ని మసికాయ అని అర్థం వచ్చే మాటతో పిలుచుకునేవారు. 1775లో పెర్సివల్ పాట్ అనే సర్జను ఆ పుండుకి కారణం మసేనని పుస్తకంలో రాసి పేరు తెచ్చుకున్నాడు. ఆ సంగతి కుర్రాళ్ల మాటలో ముందే ఉంది. కశ్మీరులో ఇంకో రకం. చలికి అంగరఖా లోపల నిప్పుల కుంపటి పెట్టుకు తిరుగుతారు, దాని పేరు కాంగ్రీ. కుంపటి ఆనిన చోట, పొట్ట మీద, తొడ మీద, ఏళ్ల తరవాత క్యాన్సర్. శ్రీనగర్ మిషన్ ఆస్పత్రి సర్జను ఎర్నెస్ట్ నీవ్ దాన్ని గురించి 1923లో వివరంగా రాశాడు. కాంగ్రీలో పొగాకు లేదు, వేడి ఉంది. మామూలుగా తాగే చుట్టలో నోటికి అంత వేడి లేదు, పొగాకు ఉంది. అడ్డపొగలో రెండూ ఒకేచోట, ఒకే అంగుళం మీద.

ఎంత వేడి? అడ్డపొగ తాగుతుండగా కొలిస్తే నోటి లోపల 120 డిగ్రీల సెంటీగ్రేడు దాకా వెళ్లింది. నీళ్లు మరిగేది 100కి. ఇంతటి వేడిని తట్టుకుంటూ అవ్వ బట్టలుతికింది, పాటలు పాడకపోయినా మనవల్ని కేకలేసింది, పెదాలు కదపకుండా.

విశాఖలో పని ఆగలేదు. 1957లో డి.జి. రెడ్డి, వి.కె. రావు కోస్తాంధ్రలో అంగిలి క్యాన్సర్ మీద రాసిన వ్యాసానికి పెట్టిన పేరు చాలా పొడుగు. మండే కొస నోటి లోపల పెట్టి సిగార్లు తాగడం వల్ల వచ్చేది అని ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. సిగార్లు అన్నందుకు నాకు కొంచెం కినుక, చుట్ట అనే మాట ఉండగా! ఆ తరవాత బొంబాయి టాటా ఫండమెంటల్ రీసెర్చి సంస్థ దంతవైద్య పరిశోధన విభాగం వాళ్లు ఫాలీ మెహతా, ప్రకాశ్ గుప్తా, దినేశ్ దఫ్తరీ, వాళ్లతో కోపెన్‌హాగన్ నించి యెన్స్ పిండ్‌బోర్గ్ ఊళ్లమీద పడ్డారు. దేశంలో ఐదు జిల్లాల్లో 50,915 మంది పల్లెవాసుల నోళ్లు చూశారు. అందులో శ్రీకాకుళం ఒకటి. ఇక్కడ ఇల్లిల్లూ తిరిగి చూసిన 10,169 మంది లెక్క 1971లో బ్రిటిష్ క్యాన్సర్ పత్రికలో వచ్చింది. అందులో ఐదింట రెండు వంతులకి పైగా అడ్డపొగ తాగేవాళ్లే.

వాళ్లు ఆ అంగిళ్ల మీద చూసింది చదివితే ఒక నేల పటం చూసినట్టుంటుంది. మొదట అంతా తెల్లబారి దళసరవుతుంది. చిన్న చిన్న గుబ్బలు లేస్తాయి, ఒక్కో గుబ్బ నడినెత్తిన ఎర్రటి చుక్క. ఆ చుక్క ఉమ్మి ఊరే బుల్లి గ్రంథి నోరు. వేడికి ఉబ్బి, చుట్టూ తెల్లటి కట్ట కట్టుకుని నిలబడుతుంది. చీమల పుట్టలు వాన వెలిశాక చేలో ఎలా ఉంటాయో అలా. పుట్టకురుపు అన్నవాడు ఇది చూసి అన్నాడని కాదు గానీ, అన్నా అతకకపోదు. కొన్నిచోట్ల రంగు పోయి పాలిపోతుంది, కొన్నిచోట్ల పొర పోయి ఎర్రగా పచ్చిగా ఉంటుంది. ఆ ఎర్ర మచ్చలే ఎక్కువ భయపెట్టేవి. తెల్లవన్నీ క్యాన్సర్ కావు. చాలామందికి ఆ తెలుపు దగ్గరే ఆగిపోతుంది.

ఇప్పుడు పేరు దగ్గరికి మళ్లీ వస్తాను, నాకున్న తగువు అక్కడే. చుట్ట క్యాన్సర్ అంటున్నారు. మామ్మ మొగుడు కూడా చుట్టే తాగేవాడు, అదే లంక పొగాకు, అదే కట్టలోది. నిప్పు బయట పెట్టి. అతనికి రాగల జబ్బులు వేరే ఉన్నాయి, తక్కువేం కాదు, కానీ అంగిలికి అంత ముప్పు లేదు. తేడా చుట్టలో లేదు, తిప్పడంలో ఉంది. ఆ సంగతి చెప్పే మాట తెలుగులో ముందే ఉంది: అడ్డపొగ. అడ్డం అంటే తిన్నగా కానిది, ఎదురు తిరిగింది. అడ్డదారి, అడ్డబొట్టు, అడ్డంగా మాట్లాడటం. వైద్యులు వస్తువు పేరు తీసుకున్నారు, పని పేరు వదిలేశారు. పని పేరు కావాల్సి వచ్చినప్పుడు రివర్స్ స్మోకింగ్ అని ఇంగ్లీషులో కొత్తగా కట్టారు. అడ్డపొగ కొన్ని వ్యాసాల్లో బ్రాకెట్ల మధ్య, వాలు అక్షరాల్లో ముడుచుకుని కూర్చుంది. పొగగొట్టాల కుర్రాళ్ల మాట ఏమైందో ఇదీ అంతే. చదువుకోని వాళ్లు కచ్చితంగా అన్న మాటని చదువుకున్న వాళ్లు ఉజ్జాయింపుగా అనువదించుకున్నారు.

బొంబాయి వాళ్లు చూసి ఊరుకోలేదు, అది చెప్పాలి. శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవాళ్లని ఎంచుకుని, ఇంటికి వెళ్లి నోరు చూసి, మానమని నచ్చజెప్పి, సినిమాలు వేసి, మళ్లీ మళ్లీ వెళ్లారు. ఫలితం 1986లో లాన్సెట్‌లో వచ్చింది. మానిన వాళ్లూ తగ్గించిన వాళ్లూ ఉన్నారు, క్యాన్సర్‌కి ముందు వచ్చే మచ్చలు కొత్తగా రావడం తగ్గింది. మాటతో మాన్పించవచ్చునని లెక్కతో తేల్చిన తొలి పనుల్లో అదొకటి. ఊరికే చెప్పడం కాదు, ఆ అవ్వ నోరు అద్దంలో ఆవిడకే చూపించి చెబితే ఎవరైనా వింటారు. సొంత అంగిలిని సొంత కళ్లతో చూసుకున్నవాళ్లు మనలో ఎంతమంది?

లొల్ల దిగువన ఆ రేవు ఇప్పుడు లేదు. ఇళ్లలోకి యంత్రాలొచ్చాయి, బట్టల బండ గుర్రపుడెక్కలో మునిగిపోయింది. మామ్మ దేనితో పోయిందో నాకు తెలియదు. నేను చదువుకి వెళ్లి వచ్చేసరికి లేదు. ఒక్క సంగతి గుర్తుంది. ఒక సంక్రాంతికి మా అమ్మ పొట్లం కట్టి ఇస్తే రెండు పూతరేకులు పట్టుకెళ్లి రేవులో ఇచ్చాను. ఆవిడ చుట్ట తీసి, కాలవ నీళ్లు పుక్కిలించి, ఒకటి నోట్లో పెట్టుకుంది. నాలుకతో పైకి ఒత్తి, కళ్లు మూసుకుని కాసేపు కూర్చుంది.

"ఎలా ఉంది మామ్మా?"

"మెత్తగా ఉంది అబ్బాయ్," అంది. తియ్యగా ఉందని అనలేదు. రెండోది కొంగున కట్టుకుంది.